చెట్టు కంగారూ: నేల మీది శరీరంతో కొమ్మల మీది బతుకు

ఆస్ట్రేలియాలో ఉత్తర క్వీన్స్‌లాండ్‌లోని అథర్టన్ పీఠభూమికి వెళ్ళిన బంధువులు పంపిన ఒక వీడియో చూసి మీరు ఈ ప్రశ్న అడిగారు. పొడవైన తోక వేలాడుతున్న ఒక జంతువు చెట్టు మొదలును కావలించుకుని వెనక్కి వెనక్కి జారుతూ దిగి, చివరి కొంత దూరం ఒక్కసారిగా దూకి, తోట మీదుగా గంతులు వేస్తూ వెళ్ళిపోయిందని రాశారు. అది నిజంగా కంగారూయేనా, గంతులు వేయడానికి పుట్టిన జంతువుకు చెట్టుతో ఏమి పని, అంత మొరటుగా ఎక్కి దిగేది అడవిలో ఎలా నెగ్గుకొస్తోంది, దాని సంఖ్య ఎందుకు తగ్గుతోంది అన్నవి మీ సందేహాలు. ఈ నాలుగింటికీ మూలం ఒక్కటే. చెట్టు కంగారూ శరీరం నేల మీద తయారైన శరీరం. చెట్టు మీదికి వచ్చాక దానికి చాలా మార్పులు జరిగాయి కానీ, పాత నిర్మాణం పూర్తిగా చెరిగిపోలేదు. దాని నడక, తిండి, సంతానం, చావు కూడా ఆ చరిత్రతోనే ముడిపడి ఉన్నాయి.

అది అసలైన కంగారూయే. ఎర్ర కంగారూ, దానికంటే చిన్నవైన వాలబీలు చేరిన మాక్రోపొడిడే కుటుంబంలోనే డెండ్రోలేగస్ అనే ప్రజాతిగా, అంటే దగ్గరి జాతుల గుంపుగా, చెట్టు కంగారూలు ఉన్నాయి. వర్గీకరించేవారిని బట్టి లెక్క కొంచెం అటూ ఇటూ అయినా సుమారు 14 జాతులని అనుకోవచ్చు. వాటిలో ఆస్ట్రేలియాలో ఉన్నవి రెండే. తక్కినవి న్యూ గినీలోనూ దాని చుట్టుపక్కల దీవుల్లోనూ ఉన్నాయి. అథర్టన్ ప్రాంతంలో తీసిన వీడియో కాబట్టి మీరు చూసినది లుమ్‌హోల్ట్జ్ చెట్టు కంగారూ. ఇది దక్షిణాన హెర్బర్ట్ నది ప్రాంతం నుంచి ఉత్తరాన మాస్‌మన్ దాపుల వరకు ఉన్న కొండ అడవుల్లో ఉంటుంది. డెయిన్‌ట్రీ నది దాటి కుక్‌టౌన్ వైపు వెళితే కనిపించేది దానికంటే పెద్దదైన బెనెట్ చెట్టు కంగారూ. 1882–83 కాలంలో నార్వే దేశపు అన్వేషకుడు కార్ల్ లుమ్‌హోల్ట్జ్ హెర్బర్ట్ నది ప్రాంతపు ఆదివాసులతో కలిసి తిరుగుతూ సేకరించిన నమూనాల ఆధారంగా, 1884లో జంతుశాస్త్రవేత్త రాబర్ట్ కోలెట్ ఈ జాతిని శాస్త్రలోకానికి పరిచయం చేశాడు. ఆదివాసులకు ఇది ఎప్పటి నుంచో బాగా తెలిసిన వేట జంతువు. లుమ్‌హోల్ట్జ్‌కు దానిని చూపించిందీ పట్టి ఇచ్చిందీ వారే. బరువు సుమారు 5 నుంచి 10 కిలోల మధ్య ఉంటుంది, మగది ఆడదానికంటే పెద్దది. ముదురు గోధుమ రంగు ఒళ్ళు, నల్లని ముఖం, నుదుటి మీద లేత రంగు పట్టీ, శరీరం కంటే పొడవైన తోక దీని గుర్తులు.

ఇక చెట్టు మీదికి ఎందుకు వెళ్ళిందన్న ప్రశ్న. కంగారూల అతి ప్రాచీన పూర్వీకులు పోసమ్‌ల వంటి చిన్న చెట్టు జంతువులు. వాటి సంతతి నేల మీదికి దిగి, గంతును తన నడకగా చేసుకుని, వెనుక కాళ్ళను పొడవుగా, ముందు కాళ్ళను పొట్టిగా మార్చుకుంది. ఆ శాఖల్లో ఒకటి కొన్ని మిలియన్ల సంవత్సరాల క్రితం మళ్ళీ కొమ్మల మీదికి తిరిగి వెళ్ళింది. దీనిని తిరోగమనం అనడం నాకు ఇష్టం ఉండదు. పరిణామానికి ముందు, వెనుక అన్న దిక్కులు లేవు. ఆ కాలపు అడవిలో, ఆ శరీరానికి దొరికిన ఖాళీ అది. జన్యు పరిశోధనల ప్రకారం చెట్టు కంగారూలకు అతి దగ్గరి చుట్టాలు రాతి వాలబీలు. నిట్టనిలువు బండల మీద, ఇరుకు అంచుల మీద పట్టు తప్పకుండా గంతులు వేసే జంతువులవి. బండ మీద పట్టు కోసం ఏర్పడిన గరుకు పాదం, సమతూకం కోసం వాడే పొడవైన తోక కొమ్మ మీద కూడా పనికి వస్తాయని ఊహించడం కష్టం కాదు.

ఈ చుట్టరికానికి ఒక విచిత్రమైన రుజువు జంతుప్రదర్శనశాలలో దొరికింది. 2014లో అడిలైడ్ జూలో కొమ్మ విరిగి పడి ఒక గుడ్‌ఫెలో చెట్టు కంగారూ చనిపోయింది. దాని సంచిలోని పసికూనను పశువైద్యులు తీసి, పసుపు పాదాల రాతి వాలబీ సంచిలోకి మార్చారు. మకాయా అని పేరు పెట్టిన ఆ కూన పరాయి తల్లి పాలు తాగి కొన్ని నెలలు ఆ సంచిలోనే పెరిగి, ఆ తరువాత మనుషుల చేతుల్లో పెద్దదయింది. వాలబీ జాతుల మధ్య ఇలా పిల్లను మార్చడం అంతకుముందే ఉన్నా, చెట్టు కంగారూ పిల్ల విషయంలో ఇది ఫలించడం అదే మొదలు. పాల కూర్పు, సంచి లోపలి పరిస్థితులు ఎంత దగ్గరగా ఉంటే ఇది సాధ్యమవుతుందో ఆలోచించండి. శిలాజాల వైపు చూస్తే బోరా అనే అంతరించిన ప్రజాతి ఉంది. ఇవి నేటి చెట్టు కంగారూల కంటే చాలా పెద్దవి. వీటి ఎముకలు దక్షిణ ఆస్ట్రేలియాలో చెట్టన్నదే లేని నల్లర్‌బర్ మైదానపు గుహల్లో కూడా దొరికాయి. అంటే అక్కడ ఒకప్పుడు ఇంత బరువైన జంతువును మోయగల చెట్లు ఉండేవన్నమాట.

శరీరంలో జరిగిన మార్పులను కాళ్ళ దగ్గర మొదలుపెట్టాలి. నేల కంగారూలో వెనుక కాలు ముందు కాలి కంటే ఎంతో పొడవు. చెట్టు కంగారూలో ఆ తేడా బాగా తగ్గిపోయింది. ముందు కాళ్ళు దృఢమై, భుజపు కండరాలు బలపడి, గోళ్ళు కొక్కేల్లా వంగాయి. వెనుక పాదం పొట్టిగా, వెడల్పుగా అయి, అడుగున గరుకైన మెత్త ఏర్పడింది. అన్నిటికంటే ముఖ్యమైన మార్పు చీలమండలో ఉంది. నేల మీద వేగంగా గంతులు వేసే కంగారూకు పాదం పక్కకు తిరగడం ప్రమాదం కాబట్టి, దాని మడమ ఎముకలు ఒకదానితో ఒకటి మెట్టులా బిగుసుకుని ముందుకూ వెనక్కూ మాత్రమే కదలనిస్తాయి. చెట్టు కంగారూలో ఆ బిగింపు సడలింది. పాదాన్ని లోపలికి తిప్పి మొదలుకు ఆనించగలదు. మామూలు కంగారూ నేల మీద రెండు వెనుక కాళ్ళనూ కలిపే కదుపుతుంది. ఈదేటప్పుడు మాత్రం విడివిడిగా ఆడించగలదు. చెట్టు కంగారూ కొమ్మ మీద ఒక కాలు తరువాత ఒక కాలు వేస్తూ నడుస్తుంది. కొమ్మ మీద ఇలా అడుగులు వేస్తున్న దానిని దుర్భిణిలో మొదటిసారి చూసినప్పుడు అది కంగారూ అని నమ్మడానికి నాకు కొంత సమయం పట్టింది.

న్యూ గినీలోని కొన్ని జాతుల్లో ఈ మార్పులు మరీ ముదిరాయి. ఆస్ట్రేలియాలోని రెండు జాతులు, న్యూ గినీలోని మరి రెండు జాతులు పొడవు పాదాల గుంపుగా, అంటే పాత లక్షణాలు ఎక్కువగా నిలిచిన గుంపుగా లెక్కకు వస్తాయి. మాట్షీ, గుడ్‌ఫెలో, డోరియా వంటివి పొట్టి పాదాల గుంపు. మంచుయుగాల్లో సముద్ర మట్టం పడిపోయినప్పుడల్లా ఆస్ట్రేలియా, న్యూ గినీ ఒకే భూభాగంగా కలిసిపోయేవి కాబట్టి, రాకపోకలు అప్పుడు జరిగాయి. న్యూ గినీ పర్వతాల ఎత్తుపల్లాలు ఒక్కొక్క గుంపునూ విడదీసి కొత్త జాతులను పుట్టించాయి.

ఇప్పుడు మొరటుతనం మాట. తోక పొడవుగా ఉన్నా కొమ్మను చుట్టుకోలేదు. పోసమ్‌ల తోకలా అది పట్టుకునే అవయవం కాదు. బరువును సర్దడానికే పనికి వస్తుంది. ఎక్కేటప్పుడు ముందు కాళ్ళతో మొదలును కావలించుకుని, వెనుక కాళ్ళు రెండూ కలిపి తన్నుకుంటూ పైకి పోతుంది. ఉడుతలా తలకిందులుగా దిగలేదు కాబట్టి తోక ముందుగా, వెనక్కి జారుతూ దిగుతుంది. ఇవన్నీ చూసి దీనిని చేతకాని ఎక్కుడు జంతువు అని రాసేవారు చాలామంది ఉన్నారు. నేను ఒప్పుకోను. కోతి నేర్పును కొలబద్దగా పెట్టుకుని చూస్తే అలా అనిపిస్తుంది కానీ, ఆ అడవుల్లో కోతులే లేవు. ఆకు తినే పెద్ద చెట్టు జంతువు స్థానానికి అక్కడ పోటీ పడినవి రాత్రివేళ తిరిగే చిన్న పోసమ్‌లు మాత్రమే. ఆకు ఎక్కడికీ పారిపోదు. దానిని వెంటాడనవసరం లేదు. నెమ్మదిగా, జారిపడకుండా కొమ్మ చివరిదాకా చేరగలిగితే చాలు. పైగా ఇది దూకే దూరం తక్కువదేమీ కాదు. ఒక చెట్టు నుంచి దిగువనున్న మరో చెట్టుకు 9 మీటర్ల దాకా దూకుతుందనీ, 18 మీటర్ల ఎత్తు నుంచి నేల మీదికి దూకి కూడా దెబ్బ తగలకుండా పోతుందనీ నమోదైంది. బలమైన వెనుక కాళ్ళు, అదురును మింగే కీళ్ళు నేల కంగారూ నుంచి దానికి దక్కిన ఆస్తి.

వాన విషయంలో ఒక చిన్న వింత ఉంది. ఈ కొండల్లో ఏడాదికి కొన్ని మీటర్ల వాన పడుతుంది. చెట్టు కంగారూ కొమ్మ మీద తలను మోకాళ్ళ మధ్యకు వంచి, వీపును పైకి పెట్టి కూర్చుంటుంది. మెడ మీది, వీపు పైభాగపు వెంట్రుకలు మామూలు జంతువుల్లో లాగా తోక వైపు కాక తల వైపు వాలి ఉంటాయి. భుజాల దగ్గర ఎక్కడో ఒక సుడి నుంచి రెండు దిక్కులకూ విడిపోతాయి. ఆ భంగిమలో కూర్చున్నప్పుడు ఎత్తైన భాగం ఆ సుడే కావడంతో, నీరు తాటాకు కప్పు మీద నుంచి జారినట్టు రెండు వైపులా జారిపోతుంది. జాతిని బట్టి సుడి స్థానం మారుతుంది. అది కూర్చునే తీరును బట్టే అలా మారిందని అనుకోవడానికి ఆస్కారం ఉంది.

తిండి దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగాలి, ఎందుకంటే దీని స్వభావమంతా ఆకులోనే ఉంది. ఆకు ఎక్కడ చూసినా ఉన్నట్టే ఉంటుంది కానీ, ఆహారంగా అది పిసినారి సరుకు. పీచు ఎక్కువ, మాంసకృత్తులు తక్కువ, పైగా టానిన్లు మొదలైన రక్షణ రసాయనాలు నిండి ఉంటాయి. చెట్టు కంగారూ దీనికి నాలుగు రకాలుగా సర్దుకుంది. పళ్ళ విషయంలో, గడ్డి మేసే పెద్ద కంగారూల్లో చెంపదంతాలు అరిగిన కొద్దీ వెనుకవి ముందుకు జరుగుతూ వస్తాయి. ఆకు తినే దీనికి గడ్డిలోని ఇసుక వంటి సిలికా గొడవ లేదు కాబట్టి పళ్ళు పొట్టివే, కానీ ఆకును కత్తిరించే పొడవైన అంచు గల ముందు చెంపదంతం పెద్దదిగా నిలిచింది. కడుపు విషయంలో, ముందు భాగం మడతలు మడతలుగా పెద్ద గొట్టంలా ఉండి, అందులో సూక్ష్మజీవులు ఆకును పులియబెడతాయి. మన కొండముచ్చు కడుపులో జరిగేదీ, ఆవు మొదటి పొట్టలో జరిగేదీ ఇదే పని. ఈ ముగ్గురికీ దగ్గరి చుట్టరికం ఏమీ లేదు. పీచును జీర్ణం చేసుకునే ఎంజైములు ఏ క్షీరదానికీ సొంతంగా లేకపోవడంతో, మూడు వేర్వేరు వంశాలు విడివిడిగా ఒకే ఉపాయానికి చేరాయి. మన అడవుల్లో సంచి జంతువు ఒక్కటీ లేదు, చెట్టు కొమ్మల మీద ఆకు మేసే పని ఇక్కడ కొండముచ్చుది. అక్కడ ఆ పని కంగారూది.

మూడో సర్దుబాటు, ఒకే చెట్టును పట్టుకుని ఉండకపోవడం. ఒక్కొక్క జాతి ఆకులో ఒక్కొక్క విషం ఉంటుంది కాబట్టి, కాలేయం మోయగలిగినంతే తిని మరో చెట్టుకు మారుతుంది. అందుకే లుమ్‌హోల్ట్జ్ జాతి ఆహారంలో అనేక రకాల చెట్లు, తీగలు కనిపిస్తాయి. అడవి అంచుల్లో పెరిగే అడవి పొగాకు మొక్క వంటి కలుపు కూడా అందులో ఉంది. బెనెట్ జాతికి గొడుగు చెట్టు ఆకు ఎంతో ఇష్టం. నాలుగోది ఖర్చు తగ్గించుకోవడం. సంచి జంతువుల ప్రాథమిక జీవక్రియా రేటు, అంటే ఊరికే కూర్చున్నా ఖర్చయ్యే శక్తి, అంతే బరువున్న ఇతర క్షీరదాల కంటే దాదాపు 30 శాతం తక్కువ. చెట్టు కంగారూ ఆ పొదుపును ఇంకా ముందుకు తీసుకుపోయింది. నేల కంగారూ బరువులో సగానికి దగ్గరగా కండరమే ఉంటే, దీనిలో ఆ వాటా బాగా తక్కువ. కండరం కదలకపోయినా శక్తిని తింటుంది కదా, అక్కరలేని కండరాన్ని మోయకపోవడమే లాభం. రోజులో చాలా భాగం ముడుచుకుని కూర్చోవడానికి కారణం ఇదే. సోమరితనం అన్న మాట ఇక్కడ చెల్లదు. పులియబెట్టే కడుపుకు సమయం కావాలి, ఆ సమయంలో కదిలితే వచ్చిన శక్తి కదలికకే సరిపోతుంది.

ఆకు పిసినారితనానికి నేల కూడా కారణమే. క్వీన్స్‌లాండ్ వర్షారణ్యాల్లో పరిశోధన చేసిన జాన్ కనోవ్‌స్కీ, చెట్టు కంగారూ వంటి ఆకు మేసే సంచి జంతువులు ఎత్తైన చోట్ల, బసాల్ట్ లావా నుంచి ఏర్పడిన సారవంతమైన నేలల మీద ఎక్కువగా ఉంటాయని, గ్రానైట్ వంటి పేద రాళ్ళ మీది అడవుల్లో పలుచబడతాయని చూపించాడు. రెండు అడవులూ బయటికి ఒకేలా పచ్చగా ఉండవచ్చు. నేలలోని పోషకాలు ఆకులోకి, ఆకు నుంచి జంతువులోకి వస్తాయి. ఈ ఒక్క విషయం గుర్తుంచుకుంటే తరువాత జరిగిన నష్టం అర్థమవుతుంది. మనిషికి మంచి సాగు భూమి ఏదో, చెట్టు కంగారూకు మంచి అడవీ అదే.

దినచర్య గురించి ఎక్కువ చెప్పనవసరం లేదు. రాత్రివేళ ఎక్కువగా మేస్తుంది కానీ పగలు కూడా మధ్య మధ్య లేచి తిని మళ్ళీ ముడుచుకుంటుంది. ఒంటరి జంతువు, కలిసి కనిపించేవి సాధారణంగా తల్లీ పిల్లే. పరిశోధకుడు గ్రేమ్ న్యూవెల్ 1990లలో రేడియో కాలర్లతో అథర్టన్ పీఠభూమిలోని అడవి ముక్కల్లో చేసిన పరిశీలనలో ఆడవి హెక్టారు లోపు పరిధిలో, మగవి సుమారు రెండు హెక్టార్లలో తిరిగాయి. ఆడవి తమ చోటును ఇంకో ఆడదానితో పంచుకోవు. మగదాని పరిధి పలు ఆడవాటి చోట్ల మీదుగా పోతుంది. బెనెట్ జాతిలో ఈ పరిధులు చాలా పెద్దవి. మగవి ఎదురుపడితే గట్టిగా కలబడతాయి. ముదిరిన మగవాటి చెవులు చిరిగి, ముఖం మీద గాట్లతో ఉండడం మామూలు.

సంతానం విషయంలో ఇది అన్ని సంచి జంతువుల దారినే పోతుంది, కానీ చాలా నెమ్మదిగా. కంగారూ కుటుంబపు ఆడదానికి గర్భాశయాలు రెండు, పక్క యోనులు రెండు. ప్రసవానికి మధ్యలో మూడో దారి ఒకటి మొదటి కాన్పులో తెరుచుకుని ఆ తరువాత శాశ్వతంగా నిలుస్తుంది. గర్భం కొద్ది వారాలే. అయినా మాట్షీ చెట్టు కంగారూలో అది సుమారు 44 రోజులు సాగుతుంది, ఇది సంచి జంతువులన్నిటిలో అతి దీర్ఘమైనదిగా చెప్పుకునే కాలం. ఎర్ర కంగారూకు 33 రోజులే. పుట్టిన పిల్ల సుమారు 2 సెంటీమీటర్ల పొడవుంటుంది. కళ్ళు తెరుచుకోవు, వెనుక కాళ్ళు మొగ్గల్లా ఉంటాయి, కానీ ముందు కాళ్ళు, ముక్కు, నోరు మాత్రం సిద్ధం. తల్లి సాయం లేకుండా ఆ ముందు కాళ్ళతోనే బొచ్చును పట్టుకుని పాకుతూ సంచిలోకి చేరి, నాలుగు చనుమొనల్లో ఒకదానిని నోటితో పట్టుకుంటుంది. ఆ మొన దాని నోట్లో ఉబ్బి, నెలల తరబడి ఊడకుండా నిలుస్తుంది.

అక్కడి నుంచి అసలు ఎదుగుదల. ఇతర క్షీరదాల్లో జరాయువు (మావి) చేసే పనిలో ఎక్కువ భాగాన్ని సంచి జంతువుల్లో పాలే చేస్తాయి. పిల్ల వయసును బట్టి పాల కూర్పు మారుతూ, మొదట పలుచగా ఉండి చివరికి కొవ్వుతో చిక్కబడుతుంది. లుమ్‌హోల్ట్జ్ పిల్ల ఎనిమిది, తొమ్మిది నెలలు సంచిలో ఉంటుంది; మాట్షీలో అది ఇంకొంచెం ఎక్కువ. బయటికి వచ్చాక కూడా తల సంచిలో దూర్చి పాలు తాగుతూ, తల్లి వెంటే తిరుగుతూ ఉంటుంది. ఈ కాలాన్ని నేను చాలా ముఖ్యమైనదిగా భావిస్తాను. ఏ ఆకు తినాలో, ఏ ఆకును ఎంతలో వదలాలో తల్లి నోటి దగ్గర ఆకును వాసన చూసి, కొరికి నేర్చుకునే కాలం అది. పులియబెట్టే సూక్ష్మజీవులు కూడా తల్లి సాన్నిహిత్యంలోనే పిల్లకు చేరాలి. తల్లి ప్రమాదంలో పోయి దొరికిన అనాథ పిల్లలను పెంచేవారికి ఆకు అలవాటు చేయడం అతి కష్టమైన పని కావడానికి కారణం ఇదే. పిల్ల తల్లిని వదిలి పోయేసరికి దాదాపు రెండేళ్ళు అవుతుంది. ఒక్కో కాన్పుకు ఒక్కటే పిల్ల. బందీగా ఉన్నవి 20 ఏళ్ళు దాటి బతికినా, ఇంత నెమ్మదిగా కనే జంతువుకు ఒక్క ఆడది అకాలంగా పోవడం పెద్ద లోటు.

మీ చివరి ప్రశ్నకు ఇప్పుడు వస్తాను. ఈ జంతువుకు చెట్టు మీది శత్రువులు పెద్ద కొండచిలువ, న్యూ గినీలో అయితే హార్పీ గద్ద కూడా. చెట్టెక్కి వచ్చే మనిషి వేటగాడు వేల ఏళ్ళుగా ఉన్నాడు. వీటన్నిటి నుంచీ తప్పించుకునే దారి ఒకటే: నేల మీదికి దూకి పరుగు తీయడం. ఈ ఉపాయం కంగారూకు సహజంగా వచ్చింది. చెట్టు మీద వెంటాడేది నేల మీద వెంటాడలేదు. కానీ నేల మీద కుక్క కాచుకుని ఉంటే ఆ దూకడమే ప్రాణం తీస్తుంది. పొట్టిబడిన పాదాలతో, తగ్గిన కండరంతో దాని గంతు నేల కంగారూ గంతులో సగం కూడా సాగదు. డింగోలనే ఆస్ట్రేలియా అడవి కుక్కలు, పెంపుడు కుక్కలు, అడవి పాలైన కుక్కలు దీనిని సులభంగా పట్టుకుంటాయి. భయం పుట్టినప్పుడు ఏమి చేయాలన్నది దాని నరాల్లో పూర్వమే నాటుకుపోయింది. కుక్క కొత్తగా వచ్చింది.

దీనికి అడవి ముక్కలు కావడం తోడయింది. పందొమ్మిదో శతాబ్దం చివరి నుంచి అథర్టన్ పీఠభూమి మీది బసాల్ట్ నేలలను కలప కోసం, మొక్కజొన్న కోసం, పాడి పశువుల మేత కోసం నరికివేశారు. ఇప్పుడు ఈ జంతువుకు ఆదివాసుల భాషలో ఉన్న పేరుతోనే మాబి అడవి అని పిలిచే ప్రత్యేకమైన అడవి రకం అక్కడక్కడ ముక్కలుగా, మొత్తం సుమారు వెయ్యి హెక్టార్లు మాత్రమే మిగిలింది. దానిని జాతీయ చట్టం కింద తీవ్ర ప్రమాదంలో ఉన్న జీవసముదాయంగా ప్రకటించారు. 1988లో ఈ వర్షారణ్యాలు చేరిన వెట్ ట్రాపిక్స్ ప్రాంతానికి ప్రపంచ వారసత్వ హోదా వచ్చింది కానీ, దానిలోకి వచ్చినవి ఎక్కువగా నిటారు కొండలు, పేద నేలలు. సారవంతమైన నేల చాలావరకు అప్పటికే ప్రైవేటు పొలాల్లో ఉంది. న్యూవెల్ పరిశీలిస్తున్న ఒక ప్రైవేటు అడవి ముక్కను అదే కాలంలో యజమాని నరికించడంతో, జంతువులు ఏమి చేస్తాయో ప్రత్యక్షంగా తెలిసింది. అవి పక్క అడవికి వలస పోలేదు. మిగిలిన నాలుగు చెట్లు, కూలిన మొద్దుల మధ్యే తమ పాత చోటును పట్టుకుని ఉండిపోయాయి; ఆ తరువాత వాటిలో చాలా కుక్కల బారిన పడ్డాయి. పక్క అడవిలో ప్రతి చోటూ అప్పటికే ఇంకొకదాని సొంతం అయినప్పుడు, వెళ్ళడానికి చోటు ఎక్కడిది? చెట్లు కొట్టేటప్పుడు జంతువులు వాటంతట అవే పక్కకు జరిగిపోతాయన్న నమ్మకం మన దగ్గర కూడా వినిపిస్తూ ఉంటుంది. ఈ జంతువు విషయంలో అది కొలిచి చూసి తేల్చిన అబద్ధం.

అయితే సొంత చోటు లేని పిల్లలు, ముఖ్యంగా తల్లిని వదిలిన యువ మగవి, కొత్త చోటు వెతుకుతూ పొలాలు, రోడ్లు దాటి చాలా దూరం పోతాయి. ఇది నేల కంగారూ వారసత్వపు మేలు వైపు. పూర్తిగా చెట్టుకే అంటుకుపోయిన లెమ్యూరాయిడ్ పోసమ్ వంటివి అడవి ముక్కల నుంచి ముందే మాయమైపోతే, చెట్టు కంగారూ నేల మీద నడవగలదు కాబట్టి చిన్న ముక్కల్లో కూడా నిలిచింది. నడక దానిని బతికిస్తోంది, ఆ నడకలోనే కార్ల కింద పడుతోంది. 1982 నుంచి ట్రీట్ అనే స్థానిక సంస్థ, మరికొన్ని రైతు బృందాలు అడవి ముక్కల మధ్య చెట్లు నాటి పచ్చని బాటలు పెంచుతున్నాయి. ఉత్త రోడ్డు హెచ్చరిక బోర్డుల కంటే నా దృష్టిలో ఇవే ఎక్కువ పని చేస్తాయి.

న్యూ గినీలో కథ వేరు. అక్కడ అడవి ఇంకా ఉంది, ముప్పు వేట నుంచి. పపువా న్యూ గినీలోని టొరిచెల్లి పర్వతాల్లో ఉండే టెంకిలె జాతి ఒకప్పుడు సుమారు వంద జంతువులకు పడిపోయిందని అంచనా. గ్రామాలు వేటను తామే నిలిపివేసి, మాంసానికి బదులుగా కుందేళ్ళు, కోళ్ళు పెంచడం మొదలుపెట్టాక సంఖ్య మళ్ళీ పెరిగింది. హువాన్ ద్వీపకల్పంలో మాట్షీ జాతి కోసం గ్రామస్థులు తమ సొంత భూములను కేటాయించగా, 2009లో వైయుఎస్ సంరక్షిత ప్రాంతం ఏర్పడింది. ఆ దేశంలో ఆ చట్టపు హోదా పొందిన మొదటి ప్రాంతం అదే. ఇండోనేషియా వైపు పర్వతాల్లోని డింగిసోను 1995లో మాత్రమే శాస్త్రవేత్తలు వర్ణించారు. నలుపు తెలుపు రంగుల ఆ జంతువు ఎక్కువ కాలం నేల మీదే గడుపుతుంది, అంటే మళ్ళీ ఒకసారి కిందికి దిగింది. అక్కడి మోనీ ప్రజల్లో చాలామంది దానిని తమ పూర్వీకుడిగా భావించి వేటాడరు కాబట్టే అది మిగిలింది. బెనెట్ జాతి విషయంలో కూడా ఇలాంటిదే జరిగింది. ఆదివాసులు కాలు పెట్టని పవిత్ర శిఖరాల మీద అది నిలిచి ఉండి, ఇరవయ్యో శతాబ్దంలో వేట తగ్గాక కింది అడవుల్లోకి తిరిగి వ్యాపించిందని పరిశోధకుడు రోజర్ మార్టిన్ పరిశీలనల వల్ల తెలిసింది.

మీరు వెళ్ళదలిస్తే మలాండా, యుంగబుర్రా పట్టణాల చుట్టుపక్కల, కర్టెన్ ఫిగ్ జాతీయ వనంలో, మలాండా దగ్గరి నెరాడా తేయాకు తోటల చెట్ల వరుసల్లో వెతకండి. పగలు ఆకుల మధ్య ముద్దగా కూర్చున్న జంతువు కనిపించదు. కొమ్మ కింద నిటారుగా వేలాడే పొడవైన ముదురు తోక ముందుగా కంట పడుతుంది. కనిపిస్తే చెట్టు మొదలు దగ్గరకు పోకండి, చుట్టూ మూగకండి. భయపడితే అది పైకి పోదు, కిందికి దూకుతుంది. తోడు కుక్క ఉంటే కారులోనే ఉంచండి. చీకటి పడ్డాక ఆ రోడ్ల మీద వేగం తగ్గించి నడపండి. దెబ్బ తిని పడి ఉన్నది కనిపిస్తే చేత్తో ఎత్తే ప్రయత్నం చేయకుండా స్థానిక వన్యప్రాణి సంరక్షకులకు ఫోన్ చేయండి. చనిపోయినది ఆడది అయితే సంచిలో పిల్ల ప్రాణాలతో ఉండవచ్చన్న సంగతి వారికి తప్పక చెప్పండి.